ధ్రువముల మంచు – మన ఊరి చెరువు

(ప్రసంగ పాఠము)



కొంతకాలము క్రిందట గ్రామీణ కార్యక్రమమునకు సంభాషణలు రికార్డు చేసికొనుటకై నేను రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలములోని శేరిగూడకు వెళ్లితిని. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో, ఇబ్రహీంపట్నమునకు చేరువనే ఉన్నది ఆ ఊరు. పని ముగిసిన పిదప ఒక వేపచెట్టు నీడను కూర్చుండి తేనీరు త్రాగుచుంటిమి. మాటలలో మాటగా, భూమికి రెండు కొనలయందును మంచు కరగుచున్నదని వార్తలలో వచ్చు సంగతి ప్రస్తావనకు వచ్చినది. అంతవరకు మౌనముగా వినుచున్న ఒక వృద్ధ కర్షకుడు నా వైపు తిరిగి, "అక్కడ గంత మంచు కరుగుతున్నదంటున్నరు గద సారూ, మరి ఆ నీళ్లకు మా పట్నం చెరువు నిండుతదా?" అని అడిగెను.

చుట్టునున్న పడుచువారు నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ వృద్ధుడు నవ్వలేదు. తిరుగు ప్రయాణమంతయు ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆలోచించిన కొలదియు అది అమాయకమైన ప్రశ్న కాదనియు, పండితులు పదునైన యంత్రములతో వెదకుచున్న సమాధానమునే ఆతడు తన చెరువుగట్టు మీద నిలుచుండి అడిగెననియు తోచినది. ఈ పూట ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు ప్రయత్నమే.

ధ్రువమనగా కదలనిదని మన భాషలో అర్థము. ఆకాశమున చుక్కలన్నియు తిరుగుచుండగా తాను మాత్రము తిరుగని నక్షత్రమును ధ్రువనక్షత్రమనుచున్నాము. తప్పక జరుగునని చెప్పవలసి వచ్చినప్పుడు ధ్రువమనుచున్నాము. మాట ఇచ్చి దానిని నిజమని స్థాపించు కాగితమును ధ్రువపత్రమనుచున్నాము. అట్టి ధ్రువములే నేడు స్థిరము తప్పుచున్నవి. ఉత్తర ధ్రువమున సముద్రముపై పరచుకొన్న మంచు పలుచబడుచున్నది. గ్రీన్‌లాండు, అంటార్కిటికా భూభాగములను కప్పిన మహా హిమరాశి అంచుల వెంబడి కరగి, విరిగి, సముద్రములో కలియుచున్నది.

ఇచ్చట మొదట ఒక భేదమును గ్రహింపవలెను. ధ్రువములయందలి మంచు రెండు విధములు. ఒకటి నీటిపై తేలునది, రెండవది నేలపై నిలిచినది. వేసవిలో మనము త్రాగు నిమ్మరసపు గ్లాసులో మంచుముక్కలు వేసి అంచువరకు నింపుడు. ముక్కలు కరగిపోవును గాని గ్లాసు పొరలి పోదు. తేలుచున్న మంచు తన బరువునకు సరిపడు నీటిని ముందే తొలగించి యున్నది; కరగినప్పుడు ఆ చోటినే నింపును. ఇది ఆర్కిమిడీసు కనుగొన్న సూత్రమే. కనుక ఉత్తర ధ్రువ సముద్రముపై తేలు మంచు కరగిననంత మాత్రమున సముద్రమట్టము చెప్పుకోదగినంతగా పెరుగదు. కాని గ్లాసు ప్రక్కన బల్లపై నున్న మంచుగడ్డను తెచ్చి అందులో వేసినచో రసము పొరలక మానదు. గ్రీన్‌లాండు, అంటార్కిటికాలపై నున్న మంచు అట్టిది. అది వేల, లక్షల సంవత్సరములుగా కురిసిన హిమము అణగి గట్టిపడి ఏర్పడినది. గ్రీన్‌లాండు మంచు మొత్తము కరగినచో ప్రపంచ సముద్రములు 7 మీటర్లకు పైగా పెరుగుననియు, అంటార్కిటికా మంచు మొత్తము కరగినచో 58 మీటర్ల వరకు పెరుగుననియు లెక్కకట్టినారు. ఇది రేపో మాపో జరుగు పని కాదు; పూర్తిగా కరగుటకు వందలు, వేలయేండ్లు పట్టును. అయినను ఆ కొండంత నిధిలో పిసరంత తరిగినను తీరప్రాంతములకు అది పెనుమార్పే.

ఎంత తరుగుచున్నది? 2002వ సంవత్సరమున గ్రేస్ అను జంట ఉపగ్రహములను ఆకాశమునకు పంపిరి. ఒకదాని వెంట ఒకటి పోవుచు, తమ నడుమ దూరములో కలుగు వెంట్రుకవాసి మార్పును బట్టి, క్రింద భూమి ఆకర్షణశక్తి ఎచ్చట హెచ్చినదో, ఎచ్చట తగ్గినదో అవి కొలిచినవి. అనగా మంచుకొండలను తక్కెడలో పెట్టి తూచినట్లే. నాటి నుండి తీసిన లెక్కలలో గ్రీన్‌లాండు సగటున ఏటికి 27,000 కోట్ల టన్నుల వరకు, అంటార్కిటికా సుమారు 14,000 కోట్ల టన్నుల వరకు మంచును కోల్పోవుచున్నవని తేలినది. ఈ అంకెలు మన ఊహకు అందవు. మనకు తెలిసిన కొలతలో చెప్పుకొందము. నాగార్జునసాగరము కట్టిననాడు దాని నిండు నిలువ 408 టి.యం.సి.లు. అట్టి సాగరములు 35 నిండునంత నీరు, రెండు మంచుభూముల నుండి ఏటేటా సముద్రమునకు చేరుచున్నదన్నమాట. ప్రపంచ సముద్రములన్నింటిపైన పరచినచో అది ఒక మిల్లీమీటరు కంటె కొంచెము ఎక్కువ.

ఒక మిల్లీమీటరేగదా యని తేలికపరచుటకు వీలులేదు. సముద్రము పెరుగుటకు మంచు ఒక్కటే కారణము కాదు. నీరు వేడెక్కినచో వ్యాకోచించును. జ్వరమానిలోని పాదరసము పైకెక్కుటయు ఈ కారణము చేతనే. ఇతర పర్వతములపై నున్న హిమానీనదములును కరగుచున్నవి. ఇవన్నియు కలిసి 1901 నుండి 2018 వరకు సముద్రమట్టమును సుమారు 20 సెంటీమీటర్లు పెంచినవి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగమున ఏటికి 1.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిన సముద్రము, 2006 తరువాత 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. అంకె చిన్నది, నడక హెచ్చుచుండుటయే భయహేతువు.

మరి ఈ మంచు ఏల కరగుచున్నది? 1957–58లో ప్రపంచ దేశములు పెక్కు కలిసి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమును జరిపినవి. ఆ సందర్భముననే 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపమందలి మౌనాలోవా పర్వతముపై గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డై ఆక్సైడును కొలుచుట ప్రారంభించెను. అప్పుడు గాలిలో పదిలక్షల పాళ్లకు ఆ వాయువు 315 పాళ్లు ఉండెడిది. నేడు 420 పాళ్లు దాటినది. ఈ వాయువు సూర్యకాంతిని లోనికి రానిచ్చును గాని భూమి విడుచు వేడిమిని వెలుపలికి సులభముగా పోనీయదు. దుప్పటి కప్పుకొన్న మనిషికి చలి తగ్గినట్లు భూమికి వేడిమి హెచ్చును. అంటార్కిటికా మంచును లోతుగా తొలిచి తీసిన కడ్డీలలో ప్రాచీన కాలపు గాలి బుడగలు చిక్కుకొని ఉన్నవి. వాటిని పరీక్షింపగా, గడచిన 8 లక్షల సంవత్సరములలో ఈ వాయువు 300 పాళ్లను మించలేదని తెలిసినది. మంచు తన నాశనమునకు తానే సాక్ష్యమును పదిలపరచి ఉంచినట్లయినది.

ఉత్తర ధ్రువమున ఈ వేడిమి మరింత హెచ్చుగా పనిచేయుచున్నది. తెల్లని మంచు తనపై పడిన సూర్యకాంతిలో అధికభాగమును తిరుగగొట్టును. మంచు కరగి క్రిందనున్న నల్లని నీరు బయటపడినచో ఆ కాంతిలో తొంబది పాళ్లకు మించి నీటిలోనే ఇంకును. నీరు వేడెక్కును, ఆ వేడికి మరికొంత మంచు కరగును. తెల్లని ధోవతి కట్టుకొని ఎండలో నడచుటకును, నల్లని కంబళి కప్పుకొని నడచుటకును గల భేదమే ఇది. ఇట్లు కార్యమే మరల కారణమగుచున్నది. 1980 ప్రాంతమున వేసవి ముగియునాటికి ఉత్తర ధ్రువ సముద్రముపై సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగులుచుండెడిది. 2012 సెప్టెంబరులో అది 34 లక్షలకు పడిపోయినది.

శ్రోతలారా, ఈ సందర్భమున మన నేలను గూర్చిన ఒక చిత్రమైన సంగతిని మనవి చేయవలెను. ధ్రువముల మంచుతో మనకేమి చుట్టరికమని అనుకొందుము. కాని సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట మన భూఖండము అంటార్కిటికాతో కలిసి, దక్షిణ ధ్రువమునకు చేరువగా ఉండెడిది. గోదావరి, ప్రాణహిత లోయలు నాడు మంచు క్రింద ఉండెడివి. హిమానీనదములు దొరలించి తెచ్చిన బండరాళ్ల పొర అచ్చట నేటికిని కలదు; తాల్చీరు శిలలని భూగర్భశాస్త్రజ్ఞులు వాటిని పిలుచుదురు. ఆ మంచు తొలగిన పిదప పెరిగిన అడవులు మట్టిలో కూరుకొని బొగ్గుగా మారినవి. ఆ బొగ్గే సింగరేణి బొగ్గు. 1889లో ఇల్లందు వద్ద గనుల తవ్వకము ఆరంభమైన నాటి నుండి అది మన రైళ్లను నడపినది, మన దీపములను వెలిగించినది. నేను ఇప్పుడు మాటలాడుచున్న ఈ మైక్రోఫోనునకు అందు విద్యుత్తులోను ఆ బొగ్గు పాలు కలదు. ప్రాచీన హిమము విడిచిపోయిన నేలపై పుట్టిన బొగ్గును కాల్చి, నేటి హిమమును కరగించుచున్నాము. ఈ పాపమంతయు మనదే యని నా భావము కాదు. మనకంటె ఎన్నో రెట్లు అధికముగా, ఎంతో ముందుగా కాల్చిన దేశములు కలవు. కాని కథలో మనకును పాత్ర గలదని మరువరాదు.

మన దేశీయులు 1981–82లో డాక్టరు ఎస్. జెడ్. ఖాసిం నాయకత్వమున తొలిసారి అంటార్కిటికాపై అడుగిడిరి. తరువాత అచ్చట నిర్మించిన దక్షిణ గంగోత్రి కేంద్రము క్రమముగా హిమములో కూరుకొనిపోగా, దానిని విడిచి 1989లో మైత్రి కేంద్రమును, 2012లో భారతి కేంద్రమును నెలకొల్పిరి. హైదరాబాదు ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారి భూకంప నమోదు యంత్రములు మైత్రియందు పనిచేసినవి. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము, సునామీ హెచ్చరికలను వెలువరించు సంస్థ, సముద్రము కానరాని హైదరాబాదుననే ఉన్నది. కడలికి దూరముగా నున్న ఊరు కడలిని కనిపెట్టి ఉండుట వింతగా తోచవచ్చును. కాని ఈ కాలమున ఏ ఊరును కడలికి దూరము కాదు.

ఇక తీరమునకు పోదము. ఆంధ్రతీరము సుమారు వేయి కిలోమీటర్ల పొడవైనది. అందులో కృష్ణా గోదావరి డెల్టాలు పళ్లెము వలె చదునైనవి. కొల్లేటి అడుగు దాదాపు సముద్రమట్టముననే ఉన్నది. అట్టి నేలపై సముద్రము ఒక అడుగు పైకి లేచినచో, అది నిలువున ఒక అడుగే గాని, అడ్డముగా ఎంతో దూరము ప్రాకును. నీరు కంటికి కానరాక ముందే ఉప్పదనము భూగర్భమున ముందుకు జరుగును. మొదట బావి ఉప్పనగును, పిదప వరిపొలము చవుడు బారును. ఉత్తర హిందూమహాసముద్రమున 1993 నుండి 2015 వరకు మట్టము ఏటికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినదని భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రకటించిన నివేదిక తెల్పుచున్నది.

డెల్టాలకు మరియొక కష్టము కూడ కలదు. డెల్టా యనగా నది ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు. ఆ మట్టి తనంత తాను అణగుచుండును; క్రొత్త ఒండ్రు వచ్చి ఆ లోటును పూరించుచుండును. నదులపై ఆనకట్టలు పెరిగిన కొలది ఒండ్రు వాటి వెనుకనే నిలిచిపోవుచున్నది. 1970–79 నడుమ గోదావరి ఏటికి 15 కోట్ల టన్నుల ఒండ్రును మోసికొని రాగా, 2000–2006 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోపునకు దిగిపోయినదని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు చూపినారు. కాకినాడ చెంతనున్న ఉప్పాడలో సముద్రము ఇండ్లను, బాటను కోసివేయుట మీలో పలువురు చూచియే ఉందురు. అచ్చటి కోతకు మట్టము పెరుగుట ఒక్కటే కారణము కాదు. తీరము వెంబడి ఇసుక నడక మారుట కూడ కారణమే. అయినను క్రిందినుండి నేల క్రుంగుచు, పైనుండి కడలి లేచుచుండగా నడుమ నలుగునది తీరవాసియే.

1864 నవంబరు 1వ తేదీని మచిలీపట్టణము ఉప్పెనలో సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన ముంచినది. పదివేల ప్రాణములు పోయినవి. ఆనాటి శవములను, ఆనాటి ఏడ్పులను మరువలేని పెద్దలు నేటికిని మన నడుమ ఉన్నారు. ఆ ఉప్పెనలను ధ్రువముల మంచు పుట్టింపలేదు. కాని అట్టి తుఫానే మరల వచ్చినపుడు, అప్పటికి సముద్రము ముందే ఒక జానెడు పైకి లేచి ఉన్నచో, ఉప్పెన ఆ జానెడు ఎత్తు నుండి మొదలగును. అరుగెక్కి నిలుచున్నవాని చేయి అటుకను సులభముగా అందుకొనును గదా!

ఇచ్చట మరియొక విశేషము గలదు. గ్రీన్‌లాండు మంచు కరగినచో సముద్రము అన్నిచోట్ల సమముగా పెరుగదు. అంత మహారాశి తన ఆకర్షణచే చుట్టునున్న సముద్రజలమును తనవైపునకు లాగుకొని ఉన్నది. మంచు తగ్గగా ఆ లాగుడు సడలి, నీరు దూరప్రాంతములకు జరుగును. గ్రీన్‌లాండు సమీపమున సముద్రము తగ్గుట కూడ సంభవము; దూరమున నున్న ఉష్ణమండల తీరములలో సగటు కంటె ఎక్కువగా పెరుగును. అనగా అచ్చటి మంచు కరగుటవలని భారము అచ్చటివారికంటె బందరు, నిజాంపట్టణము వంటి మన రేవుల మీదనే అధికముగా పడును. ఎచ్చటి తప్పు ఎచ్చట దండుగగా చెల్లింపబడునో చూడుడు.

ఐక్యరాజ్యసమితి పక్షమున పనిచేయు వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో వెలువరించిన నివేదిక ప్రకారము, పొగలను మిక్కిలి తగ్గించినచో ఈ శతాబ్దాంతమునకు సముద్రము 28 నుండి 55 సెంటీమీటర్ల వరకు పెరుగును. ఏమియు తగ్గింపక ఇంకను పెంచుచు పోయినచో 63 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు దాక పెరుగును. అంటార్కిటికా హిమఫలకములు అనుకొన్నదానికంటె వేగముగా విరిగినచో ఇంతకు మించియు పెరుగవచ్చును. 2002లో లార్సెన్-బి అను మంచుపలక, 3,250 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది, సుమారు ఒక నెలలో తునాతునకలైపోయినది. అది ముందే నీటిపై తేలుచున్నది గనుక దానివలన మట్టము పెరుగలేదు. కాని దాని వెనుక నేలపైనున్న హిమానీనదములకు అది తలుపు వంటిది. తలుపు ఊడగా లోపలి మంచు వడివడిగా సముద్రములోనికి జారినది.

ఇంతవరకు తీరము సంగతి చెప్పితిని. శేరిగూడకు తీరము 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. సముద్రము ఎంత పెరిగినను ఆ పీఠభూమిని ఎక్కిరాదు. అట్లయిన ఆ వృద్ధుని ప్రశ్నకు ధ్రువముల మంచుతో సంబంధమేమి? సంబంధము నీటి ద్వారా కాదు. గాలి ద్వారా, వాన ద్వారా.

మన వానలు దూరదేశముల స్థితిగతులపై ఆధారపడి ఉన్నవనుట క్రొత్త మాట కాదు. 1876–78 మహాక్షామము తరువాత, హెన్రీ బ్లాన్‌ఫర్డు అను వాతావరణ శాస్త్రజ్ఞుడు, హిమాలయములపై హిమము అధికముగా ఉన్న ఏడు ఋతుపవనములు బలహీనపడుచున్నవని 1884లో చెప్పెను. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా నున్న గిల్బర్టు వాకర్ పసిఫిక్ మహాసముద్రపు వాయుపీడనమునకును మన వానలకును గల సంబంధమును ప్రపంచ పట్టికల నుండి వెలికి తీసెను. తెలంగాణమున సంవత్సరమున కురియు వానలో నాలుగింట మూడు వంతులకు పైగా నైరుతి ఋతుపవనములే ఇచ్చుచున్నవి. ఆ నాలుగు నెలల వానకై మన చెరువులు ఎదురుచూచును.

ఇప్పుడు ఈ పట్టికలో ఉత్తర ధ్రువపు మంచును కూడ చేర్చవలసి వచ్చుచున్నది. 2021లో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు ఒక పరిశీలనను ప్రకటించిరి. రష్యాకు ఉత్తరమున నున్న కారా సముద్రముపై వేసవి మంచు మిక్కిలి తగ్గిన సంవత్సరములలో, మధ్య భారతమున సెప్టెంబరు నెలలో అతివృష్టి సంఘటనలు హెచ్చుచున్నవని వారు చూపిరి. బయటపడిన నీటి వేడిమి పైగాలుల గమనమును మార్చును. ఆ మార్పు అలలు అలలుగా యూరపు మీదుగా ఆసియా వరకు వచ్చును. అరేబియా సముద్రము కూడ వేడిగా ఉన్నచో వాన ఒక్కసారిగా కుండపోతయగును. ఇది సంభావ్యమైన సంబంధమని వారే జాగ్రత్తగా చెప్పిరి. మనమును అంతవరకే తీసికొనవలెను.

రెండవ సంగతి దీనికి విపరీతముగా నుండును. గ్రీన్‌లాండు మంచునీరు ఉత్తర అట్లాంటిక్ సముద్రములో కలియుచున్నది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. అచ్చట చల్లబడి అడుగునకు దిగవలసిన ఉప్పునీరు, మంచినీరు కలిసి తేలికపడినచో సరిగా దిగదు. ఆ దిగుట వలననే దక్షిణము నుండి వేడి నీరు ఉత్తరమునకు వచ్చుచుండును. ఆ ప్రవాహము మందగించినచో ఉత్తరార్ధగోళమునకు చేరు వేడి తగ్గి, వానల పట్టీ దక్షిణమునకు జరుగును. మన ఋతుపవనములు బలహీనపడును. ఇది వట్టి ఊహ కాదు. సుమారు 16,000 సంవత్సరముల క్రిందట ఉత్తర అట్లాంటిక్‌లో మంచుకొండలు విశేషముగా కరగిన కాలమున మన ఋతుపవనములు క్షీణించినట్లు సముద్రగర్భపు ఒండ్రు పొరలు సాక్ష్యమిచ్చుచున్నవి. ఈ శతాబ్దమున ఆ ప్రవాహము మందగించుట మిక్కిలి సంభవమనియు, 2100లోపున హఠాత్తుగా ఆగిపోదనుటకు ఒక మోస్తరు నమ్మకమే కలదనియు 2021 నివేదిక చెప్పుచున్నది.

ఒక కారణము వానను కుమ్మరించుననియు, మరియొక కారణము వానను తగ్గించుననియు చెప్పినచో శ్రోతలు, "ఇంతకు ఏది నిజము?" అని అడుగవచ్చును. రెండును నిజము కావచ్చును. మొత్తము వాన పెద్దగా మారకయే, కురియు రీతి మారవచ్చును. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు నూటికి 7 పాళ్లు అధికముగా తేమను మోయగలదు. 1950 నుండి 2015 వరకు, తెలంగాణముతో కూడిన మధ్య భారతపు పట్టీలో విస్తారమైన అతివృష్టులు మూడు రెట్లయినవని పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రజ్ఞులు 2017లో తెలిపిరి. దానికి ముఖ్యకారణముగా వారు చూపినది అరేబియా సముద్రపు వేడిమిని. దానిని ధ్రువముల మంచుకు అంటగట్టుట తొందరపాటగును. కాని రెండింటికిని మూలము ఒక్కటే, వేడెక్కుచున్న భూమి.

2020 అక్టోబరు 13వ తేదీని తలచుకొనుడు. కాకినాడ సమీపమున తీరము దాటిన వాయుగుండము తెలంగాణము మీదికి వచ్చినది. ఒక్కదినములో ఘట్‌కేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. హైదరాబాదులో చెరువులు తెగినవి, ఇండ్లలోనికి నీరు చొచ్చినది, కొట్టుకొనిపోయినవారు పెక్కుమంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరమును ముంచిన కథను తాతల నోట విన్నవారము, దాని ఛాయను కన్నులార చూచితిమి. ఘట్‌కేసరు ఇబ్రహీంపట్నమునకు ఎంతో దూరము కాదు.

ఇప్పుడు ఆ వృద్ధుని చెరువు వద్దకు వత్తము. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన ఊరు ఇబ్రహీంపట్నము; ఆ కాలపు నిర్మాణమే ఆ పెద్దచెరువు. నిజాము కాలమున, పందొమ్మిదవ శతాబ్దములో, పడమటి నుండి వాననీటిని తెచ్చి ఈ చెరువును నింపుటకై ఫిరంగి నాలా అను కాలువను త్రవ్వించిరి. నాటి ఇంజనీర్లకు ఉపగ్రహములు లేవు. కాని వాన ఒకయేడు వచ్చును, ఒకయేడు రాదు, వచ్చిన చుక్కను నిలుపుకొనవలెనను ఎరుక వారికి గలదు. ఏండ్ల తరబడి అడుగు బీటలు వారిన చెరువును శేరిగూడ పెద్దలు చూచినారు. బోరుబావులు నూరు, రెండు నూర్ల అడుగులు దాటి పాతాళమునకు దిగుటయు చూచినారు. కాలువలు పూడి, కబ్జాలకు లోనై, చెరువు శిఖములో రాళ్లు పాతుటయు చూచినారు.

వాన రీతి మారు కాలమున ఇట్టి చెరువునకు రెండు కష్టములు. రావలసిన నీరు నలుబది దినములు మెల్లగా రాక, ఒక రాత్రి వెల్లువయై వచ్చినచో కట్ట దానికి తాళవలెను, అలుగు సరిగా పారవలెను, అలుగు దిగువ బాట విడిచి ఉండవలెను. పిదప రెండు మూడేండ్లు వాన లేకున్నను ఆ ఒక్క రాత్రి నీటినే దాచుకొనగల లోతు ఉండవలెను. వెల్లువకును కరవునకును మందు ఒక్కటే: పూడిక తీసిన చెరువు, తెగని కాలువ, ఆక్రమణ లేని శిఖము. అంటార్కిటికా మంచును శేరిగూడ ఆపలేదు. కాని శేరిగూడ చెరువును అంటార్కిటికా పూడ్చలేదు. దానిని పూడ్చువారము మనమే.

పొగలను తగ్గించు పని దేశముల చేతిలో ఉన్నది. బొగ్గునకు బదులు ఎండనుండి, గాలినుండి విద్యుత్తును తీయుట మన రాష్ట్రములలోను సాగుచున్నది; అది మరింత వేగము కావలెను. ఎంత తగ్గించినను, ఇప్పటికే గాలిలో కలిసిన వాయువు ఫలమును కొన్ని తరములు అనుభవింపక తప్పదు. కనుక తగ్గించుటయు, కాచుకొనుటయు రెండును కావలెను. తీరమున మడ అడవులను నరుకక నిలుపుకొనుట, డెల్టాలో ఉప్పునీటికి తాళు వరి వంగడములు, తుఫాను ఆశ్రయములు. మెట్టసీమలలో గొలుసుకట్టు చెరువులు, తక్కువ నీటితో పండు పైరులు: ఇవి మనము కట్టుకొనవలసిన గట్లు.

పెద్దయ్యా, ఈ పూట నీవు రేడియో వినుచున్నచో, నీ ప్రశ్నకు నా సమాధానము ఇది. ధ్రువముల మంచునీరు నీ చెరువునకు రాదు. ఆ నీరు నీవు ఎన్నడును చూడని తీరములకు పోయి, అచ్చటి నీ వంటి రైతు పొలమును ఉప్పుచేయును. కాని ఆ మంచు కరగిన వార్తను మోసికొని ఒక గాలి నీ ఊరికి వచ్చును. అది ఒకయేడు నీ చెరువును అలుగు దాక నింపవచ్చును, మరియొకయేడు కట్టమీద నిలిచిన నిన్ను ఎదురుచూపులతోనే ఉంచవచ్చును. ఏది ఎప్పుడు వచ్చునో నిశ్చయముగా చెప్పగలవాడు నేడు లేడు. ఆనాడు నీ ప్రశ్నకు నేనును నవ్వితిని. అందులకు నన్ను మన్నింపుము. ఆకాశము వైపు చూచుచు, చెరువును కాపాడుకొనుచు ఉండవలెనని నీకు ఒకరు చెప్పనక్కరలేదు. చెప్పవలసినది మా వంటి పట్టణవాసులకే.